అద్దం గదిలో పదకొండు తాబేళ్ళు

డిప్పలో దాక్కున్న ప్రాణికి కూడా వేళకింత మేత చూపించే మన దేవునికి స్తోత్రం. మనిషి మనసులో ఏముందో ఆ మనిషికంటే ముందే ఎరిగి, అయినా విసుక్కోకుండా, తప్పు ఒప్పుకునేదాకా పక్కనే కూర్చునేవాడికి మహిమ. ఈ రెండు మాటలూ ముందు చెప్పకుండా ఈ సంగతి మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు. ఎందుకంటే ఇందులో ఆయన ఓపిక తప్ప గొప్పగా చెప్పుకోదగ్గదేమీ లేదు.

మన సంఘంలోని తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీలో చాలామందికి నేను ఆదివారం బడిలో వాక్యం చెప్పే పెద్దాయనగానే తెలుసు. అంతకుముందు ముప్పై మూడేళ్ళు జంతువుల సంరక్షణ కేంద్రంలో కాపరిగా పనిచేశాను. ఊరి అంచున, రేవు వైపు గాలి నేరుగా తగిలే కొండవాలులో ఉండేది మా కేంద్రం. కాలు విరిగిన జింకలు, ఇళ్ళలో గొలుసులు వేసి పెంచిన కోతులు, రెక్కలు కత్తిరించిన చిలకలు మా దగ్గరికి వచ్చేవి. జింకను చూస్తే దాని జబ్బేమిటో చెప్పగలననే పేరుండేది నాకు. తాబేళ్ళ గురించి మాత్రం నాకు తెలిసింది తక్కువ. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు.

రిటైరవడానికి ఏడాది ముందు చలికాలంలో అవి వచ్చాయి. దువ్వాడ వైపు ఒక అపార్ట్‌మెంటులో, అదృష్టం కలిసొస్తుందని ఎవరో నక్షత్ర తాబేలు పిల్లల్ని పెంచుతున్నారట. వాటిని ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఫిర్యాదు వస్తే అటవీ సిబ్బంది వెళ్ళి పట్టుకొచ్చారు. బట్టలు నానబెట్టుకునే నీలం ప్లాస్టిక్ టబ్బులో పదకొండు పిల్లలు. ఒక్కొక్కటి అరచేతిలో ఇమిడిపోయేంత. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు చుక్కల్లా విచ్చుకుని ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను. కాని బొటనవేలితో నొక్కితే ఆ డిప్ప తడిసిన అట్టలా లోపలికి పోయేది. కళ్ళు వాచి మూసుకుపోయాయి. ముక్కుల దగ్గర బుడగలు. ఆ ఇంటావిడ, “రోజూ అన్నం పెట్టాం, బిస్కట్లు పెట్టాం, గుడ్డు కూడా ఉడకబెట్టి పెట్టాం” అని ఏడ్చిందట. ప్రేమగానే పెట్టి ఉంటుంది.

మా అమ్మాయి గోళ్ళ రంగు సీసా తీసుకెళ్ళి వాటి డిప్పల అంచున ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు వేశాను. డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, మాట సూటిగా ఉంటుంది. నెలన్నరకోసారి మా కేంద్రానికి వచ్చేది. ఆఫీసు వరండాలో బల్ల మీద ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసి చెప్పింది.

“మేత మార్చాలి. గరిక, మందారాకు, మునగాకు పెట్టండి. రోజూ గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచండి. కాల్షియం పొడి రాసిస్తాను, ఆకుల మీద చల్లండి. అన్నిటికంటే ముఖ్యం ఎండ. ఎండ తగలాలి.”

“అలాగే మేడం.”

“మూడు, ఎనిమిది, పదకొండు మాత్రం దక్కడం కష్టం. ఆశ పెట్టుకోకండి.”

ఇక్కడ నా భయం ఒకటి చెప్పాలి. అంతకు రెండేళ్ళ ముందు నా చేతికిందున్న ఒక నక్షత్ర తాబేలు మాయమైంది. ఎవరు తీశారో తేలలేదు. మెమో మాత్రం నాకొచ్చింది. మచ్చ లేకుండా ముప్పై ఏళ్ళు చేసిన ఉద్యోగంలో ఆ కాగితం ఒక్కటి నన్ను తినేసింది. అప్పట్నుంచి ఎవరు నవ్వినా ఎందుకు నవ్వుతున్నారని, ఎవరు సంచి పట్టుకెళ్ళినా అందులో ఏముందని చూసేవాణ్ణి. అందుకే ఈ పదకొండింటినీ ఆరుబయట ఆవరణలో వదల్లేదు. తూర్పు వైపు ఒక గది ఖాళీగా ఉంటే, దాని పెద్ద కిటికీకున్న ఇనుప జాలీ తీయించి మందపాటి అద్దం బిగించాను. తలుపుకి తాళం. పొద్దున్నే ఎండ అద్దంలోంచి గది నేల సగం దాకా పడేది. ఎండకి ఎండా ఉంది, దొంగలకి దారీ లేదు అని నా తెలివికి నేనే మురిసిపోయాను.

తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర, రెండోది గదులు కడిగే ఆవిడ దగ్గర. కాంట్రాక్టు పనిమనిషి. జాలరిపేట నుంచి వచ్చేది. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు. నెత్తి మీద వెదురు బుట్ట, బుట్ట మీద గుడ్డ. అందులో అన్నం క్యారేజీ, చీపురు, మారు చీర. ఆరున్నరకల్లా వచ్చి గదులు కడిగేది. నేను ఎనిమిదిన్నరకి వెళ్ళేవాణ్ణి. ఆ రెండు గంటల్లో లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు ముల్లులా గుచ్చుకునేది.

మొదటి రోజే ఆవిడ ఒక తాబేలును రెండు చేతుల్తో ఎత్తి, డిప్పను వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది.

“అదేటమ్మా?” అన్నాను.

“దేవుడు కదా బాబూ. కూర్మావతారం. పేణం బాగోనేదు పాపం.”

 నేను మనసులో ఒక గీత గీసుకున్నాను. సృష్టికి మొక్కే మనిషి ఈ పని నమ్మకంగా ఎలా చేస్తుందిలే అనుకున్నాను. తమ్ముళ్ళూ, దీన్ని అప్పట్లో నేను విశ్వాసం అనుకున్నాను.

ఓ వారం పోయాక ఆవిడే వచ్చి, “బాబూ, ఆ అద్దం తీయించీ. ఎండ లోనికి రావట్నేదు” అంది.

“నేల మీద పడతన్నాది ఏటి మరి? ఎన్నెలా?”

“అది ఎండలా ఉంటాది గానీ...”

“నీ పని నువ్వు సూసుకో అమ్మా.”

ఆవిడ చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడి ఆలోచనలో పడ్డాను. అద్దం తీయమనడమేమిటి? అద్దం తీస్తే ఎవరికి లాభం? గేటు దగ్గర కాపలా ఉండేవాడు నన్ను బావ వరస పెట్టి పిలిచే స్నేహితుడు. అతనితో అన్నాను. అతను బీడీ ఆర్పేసి దగ్గరికొచ్చాడు.

“నాను ముందే సెప్దామనుకున్నాను బావా. ఆవిడ పొద్దున్న గది కడిగి ఊరుకోదు. బుట్ట పట్టుకుని ఎనక గోడకాడికి ఎల్తది. అరగంట దాకా రాదు.”

“ఎనక గోడకాడేటి పని?”

“గోడ అవతల రోడ్డు. మరి నాకేటి తెలుసు? నాను గేటు వదలకూడదు కదా.”

వదలకూడదు కాబట్టి చూడలేదు, చూడలేదు కాబట్టి ఏదైనా కావచ్చు. మా ఇద్దరికీ ఆ మాత్రం చాలింది.

మర్నాటి నుంచి అన్నీ కొత్తగా కనబడ్డాయి. ఒకరోజు మూడో నంబరు మేత పళ్ళెంలో ఆకుల మీద తెల్లటి పొడి. కాల్షియం పొడి ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. మరి ఇదేమిటి? వేలితో తీసి వాసన చూశాను. ఉప్పు వాసన. విభూతి చల్లి పూజ చేస్తోందా? మందు పెట్టి మత్తులో ఉంచి తీసుకుపోదామనా? పళ్ళెం కడిగేశాను. ఎవరికీ చెప్పలేదు. అనుమానానికి ఒక రుచి ఉంటుంది. ఎవరితోనూ పంచుకోబుద్ధి కాదు.

రెండోది మసి. మన ఊరివాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. గాలి రేవులోని బొగ్గు గుట్టల మీంచి వీచే రోజుల్లో తెల్లచొక్కా దండెం మీద గంటసేపు ఉంచితే దులిపి తొడుక్కోవాలి. కిటికీ గట్టు మీద వేలితో పేరు రాయొచ్చు. నేను సాయంత్రం తాబేళ్ళకు స్నానం చేయించి, మెత్తటి గుడ్డతో డిప్పలు తుడిచి, తాళం వేసి వెళ్ళేవాణ్ణి. ఒక ఉదయం వచ్చి చూస్తే ఎనిమిది తాబేళ్ళు తుడిచినట్టే మెరుస్తున్నాయి. మూడింటి డిప్పల మీద మాత్రం సన్నటి నల్లపొడి. మూడు, ఎనిమిది, పదకొండు. గోళ్ళ సందుల్లో మట్టి కూడా ఉంది.

అద్దం బిగించిన గదిలోకి మసి రాదు. అంటే ఈ మూడూ బయటికి వెళ్ళొచ్చాయి.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అవే మూడు. ఎందుకు అవే? బాగా జబ్బుగా ఉన్నవి పోయినా, చచ్చిపోయాయని చెప్పి తప్పించుకోవచ్చు గనక. గోడ అవతల ఎవరికో చూపించి బేరం కుదుర్చుకుంటోంది. ఒకరోజు మూడూ తిరిగిరావు. ఇలా నా తలలో లెక్క తేలిపోయింది. ఇంత బాగా తేలిన లెక్క తప్పు ఎలా అవుతుంది?

తమ్ముళ్ళూ, ఇక్కడ నేను చేసింది జాగ్రత్తగా వినండి. ఇది విశ్వాసి మాత్రమే చేయగల తప్పు. నేను ఆవిణ్ణి ఒక్క మాట అడగలేదు. దేవుణ్ణి అడిగాను. మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. మోకాళ్ళ మీద పడి, “ప్రభువా, దొంగను నా కళ్ళకు చూపించు” అని ప్రార్థించాను. దొంగ ఉన్నాడో లేడో చెప్పమని అడగలేదు. ఆ సంగతి నేనే తేల్చేసి, పట్టివ్వమని మాత్రం ఆయనకి పని చెప్పాను.

మూడో శుక్రవారం మర్నాడు ఆరుంపావుకే వెళ్ళి గేటు దగ్గర స్కూటర్ల షెడ్డు వెనక నిలబడ్డాను. కాపలా బావ నాకు సైగ చేశాడు. ఆవిడ వచ్చింది. గది తాళం తీసింది. కాసేపటికి బుట్ట చంకనెత్తుకుని బయటికొచ్చి వెనక గోడ వైపు నడిచింది. బుట్ట మీద గుడ్డ కప్పి ఉంది. నేను పరిగెత్తాను. అరిచాను. ఏమని అరిచానో రాయను.

ఆవిణ్ణి గేటు దాకా నడిపించుకొచ్చాం. పనికి వస్తున్నవాళ్ళంతా ఆగిపోయారు. గుడ్డ తీస్తే మూడు తాబేళ్ళు. మూడు, ఎనిమిది, పదకొండు.

“ఎక్కడికి తీసుకుపోతున్నావ్?”

“ఎక్కడికీ నేదు బాబూ. ఎండకి ఎడతన్నాను. గోడకాడ గరిక ఉన్నాది, మేత్తాయని.”

“గదిలో ఎండ లేదా?”

“నీకు సెప్పినాను కదా బాబూ. నువ్వు ఇన్నేదు.”

“ఆ కొంగు ముడిలో ఏటుంది?” అన్నాడు కాపలా బావ.

ఆవిడ కొంగు గుప్పిట్లో పట్టుకుంది. ఆ పట్టుకోవడం చూసి నాకు ఇంకా ధైర్యం వచ్చింది. “విప్పు” అన్నాను. విప్పలేదు. “విప్పు, లేకపోతే పోలీసుల్ని పిలుస్తాను” అన్నాను. అందరి ముందూ ఆవిడ కొంగు ముడి విప్పింది. చిన్న కాగితం పొట్లం, అందులో తెల్లపొడి.

“మత్తుమందు బావా” అన్నాడు కాపలా బావ.

“సముద్రపు నురుగురా ఎర్రెదవా! తెల్లటి ఎముకలాగుంటాది, తీరంలో దొరుకుతాది. అరగదీసి తెచ్చినాను, డిప్ప గట్టిపడతాదని” అంది ఆవిడ. ఎవరూ వినలేదు. నేను అసలు వినలేదు. నాకు ప్రార్థనకు జవాబు దొరికింది కదా.

ఆఫీసరుగారు పోలీసులదాకా వద్దన్నారు. కాంట్రాక్టరుకు ఫోన్ చేసి ఆవిణ్ణి పనిలోంచి తీయించేశారు. ఆవిడ ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఆ మర్నాడు మందిరంలో నేను నిలబడి సాక్ష్యం చెప్పాను. ఉపవాసముండి అడిగితే దేవుడు దొంగను ఎలా బుట్టతో సహా పట్టిచ్చాడో చెప్పాను. మీలో వయసున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మీరు చప్పట్లు కొట్టారు.

రెండో తాళంచెవి కూడా నా జేబులోకి వచ్చింది. ఇక లోపల ఏం జరుగుతుందో నాకు తెలియనిది లేదు. పొద్దున్నే నేనే వెళ్ళేవాణ్ణి. డిప్పల మీద మసి లేదు. గోళ్ళలో మట్టి లేదు. అంతా శుభ్రంగా ఉంది. నాలుగు రోజులు పోయాక నాలుగో నంబరు మేత మానేసింది. ఆరో రోజు చచ్చిపోయింది. నీరసించినదే కదా అనుకున్నాను. తర్వాత పదో నంబరు మెడ బయటికి చాపి, మళ్ళీ లోపలికి తీసుకోలేకపోయింది. డాక్టరమ్మ వచ్చే రోజు పొద్దున్న చూస్తే అదీ పోయింది.

డాక్టరమ్మ వరండాలో తొమ్మిదింటినీ చూసింది. ఆరింటి డిప్పలు నొక్కి చూసి పెదవి విరిచింది. మూడో నంబరును చేతిలోకి తీసుకుని నొక్కింది. మళ్ళీ నొక్కింది. ఎనిమిదిని, పదకొండును చూసింది. మూడింటి కళ్ళూ తెరుచుకుని ఉన్నాయి. పదకొండైతే ఆవిడ వేలిని కొరకబోయింది.

“ఇవి దక్కవన్నాను కదా! వీటి డిప్ప గట్టిపడుతోంది. వీటికి ఏం చేశారు?”

“అన్నిటికీ ఒకేలా చేశాం మేడం.”

“ఒకేలా చేస్తే ఒకేలా ఉండాలి. గది చూపించండి.”

అప్పటిదాకా ఆవిడ గది లోపల చూడలేదు. గుమ్మంలో నిలబడి కిటికీ వైపు చూసింది.

“ఈ అద్దం ఎప్పుడు పెట్టారు?”

“మొదట్నుంచీ ఉంది మేడం. ఎండ బాగా పడుతుంది. చూడండి.”

“వెలుగు పడుతుంది. డిప్ప గట్టిపడడానికి ఎండలో ఏది కావాలో దాన్ని అద్దం ఆపేస్తుంది. ఇన్ని రోజులూ ఇవి ఎండలో లేవండీ. చీకట్లో ఉన్నట్టే.” నా వైపు తిరిగి అడిగింది. “మరి ఈ మూడూ? వీటిని ఎవరో బయటికి తీసుకెళ్ళేవారు కదా?”

 ఆవిడ ప్రశ్నకు జవాబు ఆ గదిలో నా ఒక్కడికే తెలుసు. బాగా పాడైన మూడింటినీ ముందు బతికించుకోవాలని ఎవరు ఎంచుకున్నారో, వాటి డిప్పల మీది మసి ఏమిటో, ఆకుల మీది ఉప్పు వాసన ఏమిటో, అన్నీ ఒక్కసారి వచ్చి నా ముందు నిలబడ్డాయి.

“ఏమో మేడం. అవి పుట్టుకతోనే గట్టివేమో” అన్నాను.

ఆ అబద్ధం చెప్పింది మీ ఆదివారం బడి పంతులే.

ఆ సాయంత్రమే అద్దం ఊడబీకించాను. ఊడిన అద్దాన్ని గోడకి ఆనించి పెడితే అందులో నా మొహం కనబడుతోంది. దాన్ని వెనక్కి తిప్పించాను.

ఆదివారం మందిరంలో ప్రభువు బల్ల. రొట్టె పళ్ళెం వరసల్లోకి తీసుకెళ్ళే పెద్దల్లో నేనొకణ్ణి. పళ్ళెం చేతిలో పెట్టగానే పక్కాయనకిచ్చి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ, “ఏటి, ఒంట్లో బాగోలేదా?” అంది. చెప్పాను. అంతా చెప్పాను. ఆమె కూర తరుగుతూ విని, కత్తిపీట పక్కన పెట్టింది.

“మరి ఇక్కడ కూకున్నారేటి? ముందు ఆవిడ దగ్గరికి ఎల్లండి. దేవుడెక్కడికీ పోడు.”

జాలరిపేట వెళ్ళేసరికి పడవలు వచ్చి ఉన్నాయి. ఆవిడ రోడ్డు వార బేసిను ముందు కూర్చుని చేపలమ్ముతోంది. నన్ను దూరం నుంచే చూసింది.

“ఏటి బాబూ, ఇప్పుడేటి పోయింది? ఈ సేపల కింద దాసీసినానేటో సూడు. ఓలే, అందరూ బేసిన్లు బోర్లించండే, తాబేళ్ళాయనొచ్చినాడు!”

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నేను ఆ నవ్వులో నిలబడి చెప్పాను. అద్దం సంగతి, డాక్టరమ్మ అన్న మాట, నేను చేసిన తప్పు. ఆవిడ చేప పొలుసు గీకుతూ వింది.

“నీకు ఎలా తెలుసమ్మా?” అని అడిగాను.

“మా మనవరాలికి కాళ్ళు వంకరపోతే ఆసుపత్రిలో నర్సమ్మ సెప్పింది. పొద్దున్న ఎండలో ఎట్టండి, కిటికీ అద్దం ముందు కాదు, ఆరుబయట ఎట్టండి అని. పిల్లకి పనిసేసింది పేణికి సెయ్యదా? నీకూ అదే సెప్దామనుకున్నాను. నువ్వు ఎన్నెలా అని ఎటకారమాడినావు. నా బుట్టలో మూడే పట్టినాయి. అందుకే సచ్చిపోయేలా ఉన్నవి ముందు తీసినాను. అయి కోలుకున్నాక మిగిలినవి తీద్దామనీసి.”

“నన్ను క్షమించమ్మా. ఆఫీసరుగారికి చెప్తాను. మళ్ళీ పనికి రా.”

కత్తి ఆపి నన్ను చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. నేను రెండేళ్ళుగా అందర్నీ చూస్తున్న చూపే. ఈ మాటల వెనక ఇంకేదో ఉందని వెతికే చూపు.

“ఇక్కడ సెప్తే సాలదు బాబూ. ఇక్కడోళ్ళకి నాను దొంగని కానని తెలుసు. ఆ గేటుకాడ సెప్పు. అప్పుడున్నోళ్ళందరూ ఉండగా సెప్పు. నాను వచ్చి ఇంటాను.”

ఆ సాయంత్రమే ఆఫీసరుగారి ఇంటికి వెళ్ళి, జరిగిందంతా రాసిన కాగితం ఇచ్చాను. ఆయన చదివి, “ఏడాదిలో దిగిపోతున్నావు. ఇప్పుడు ఇది నేను తీసుకుంటే రెండు చావులూ నీ మీదే పడతాయి. చింపేస్తాను, ఆవిణ్ణి మాత్రం ఊరికే పిలిపిద్దాం” అన్నారు. ఆ మాట నాకు ఎంత తీపిగా తోచిందో మీకు చెప్పాలి. చేయి చాపి ఆ కాగితం వెనక్కి తీసుకోబోయాను కూడా. “వద్దు సార్, ఉంచండి” అనడానికి నా బలం చాలలేదు. ఎవరి బలంతో అన్నానో మీకు తెలుసు.

సోమవారం పొద్దున్న, అందరూ హాజరు వేసే వేళకి ఆవిడ గేటు బయట నిలబడింది. లోపలికి రాలేదు. మందిరంలో వందలమంది ముందు ప్రార్థించిన నేను పదిహేనుమంది ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. చెప్పాను. ఆవిడ దొంగ కాదన్నాను. తాబేళ్ళను బతికించింది ఆవిడ, పాడుచేసింది నేను పెట్టించిన అద్దం అన్నాను. నేను అనుమానించాననీ, అడగకుండానే తీర్పు చెప్పేశాననీ అన్నాను. కాపలా బావ తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు.

“కొంగు ముడి సంగతి సెప్పనేదు” అంది ఆవిడ.

నిజమే, అది వదిలేశాను. మరిచిపోయి కాదు. “అందరి ముందూ ఆవిడ కొంగు ముడి విప్పించాను. ఒక ఆడమనిషికి చేయకూడనిది చేశాను” అన్నాను.

అప్పుడు గేటు దాటి లోపలికొచ్చింది. నేరుగా గది దగ్గరికి నడిచింది. కిటికీకి మళ్ళీ జాలీయే ఉంది. గది బయట మేం గరిక నాటి కట్టిన చిన్న మడిలో తాబేళ్ళు ఎండలో ఉన్నాయి. ఆవిడ వంగి వేలితో లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

“పదకొండు కదా?”

“రెండు పోయాయమ్మా. నువ్వు వెళ్ళాక.”

 ఆవిడ గొంతు పెంచకుండా, ఇంకెవరికీ వినబడకుండా అంది.

“నన్ను దొంగన్నావు. సరే. ఆ రెంటినీ ఎవులు ఎత్తుకుపోయినారు బాబూ?”

 

తర్వాతి ఆదివారం మందిరంలో మళ్ళీ నిలబడి నా సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నాను. మొదటిసారి చప్పట్లు కొట్టినవాళ్ళు రెండోసారి కొట్టలేదు. అందులో వింతేమీ లేదు. ఒక పెద్దాయన మాత్రం బయట నా చేయి పట్టుకుని, “ఇవన్నీ సంఘంలో చెప్పాలా? మన సాక్ష్యం పాడవదా?” అన్నారు. అది మొదటిసారే పాడయిందండీ అన్నాను.

ఆవిడ తిరిగి పనిలో చేరింది. నాకు రెండో మెమో వచ్చింది. ఈసారి దాన్ని చదివి నిద్రపోగలిగాను. తొమ్మిది తాబేళ్ళూ ఎదిగాయి. పదకొండో నంబరు అందరికంటే పెద్దదై, పక్కవాటి మేత కూడా లాక్కునే రౌడీ అయింది. మరుసటి వానాకాలానికి వాటిని అడవిలో ఎక్కడ వదలాలో అధికారులు చూసుకున్నారు.

ఒక సంగతి మిగిలింది. తిరిగి చేరిన మొదటి సాయంత్రం, ఇంటికి వెళ్తూ ఆవిడ నా ముందు ఆగింది. బుట్ట కిందికి దించి, మీది గుడ్డ తీసి, “సూసుకో బాబూ” అంది. అన్నం క్యారేజీ, చీపురు, మారు చీర. “వద్దమ్మా, ఎందుకమ్మా” అన్నాను. బుట్ట మీద గుడ్డ కప్పి వెళ్ళిపోయింది. మర్నాడూ ఆగింది. ఆ మర్నాడూ ఆగింది. కోపంగా కాదు, వేళాకోళంగా కాదు. హాజరు వేసినట్టు. ఒకరోజు దణ్ణం పెట్టి బతిమాలాను. “అలవాటైపోయింది బాబూ” అంది. ఆమె వచ్చే వేళకి నేను జింకల వైపు వెళ్ళిపోయిన రోజులున్నాయి. వెతుక్కుంటూ అక్కడికే వచ్చేది.

రిటైరయిన రోజు నాకు దండ వేశారు. కాపలా బావ ఏడ్చాడు. ఆవిడ చివర్లో వచ్చింది. ఈరోజైనా ఊరికే వెళ్తుందేమోనని నేను కళ్ళలోకి చూశాను. ఆవిడ బుట్ట దించింది. గుడ్డ తీసింది. నేను ఆ రోజు తల తిప్పుకోలేదు. క్యారేజీ, చీపురు, మారు చీర, ఒక్కొక్కటీ చూశాను. చూసి, “ఏమీ లేదమ్మా” అన్నాను.

“ఎప్పుడూ నేదు బాబూ” అంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నాలో ఆ చూపు పూర్తిగా చచ్చిందని చెప్పను. నిన్న కూడా మందిరం మెట్ల దగ్గర ఎవరిదో సంచి వైపు చూశాను. అందుకే ఒంటరిగా ప్రార్థన చేయాలంటే నాకు భయం. నా ప్రార్థనలోకి నా తీర్పు ఎప్పుడు దూరుతుందో నాకు తెలియదు. మీరు తోడుండాలి. ఇది చదువుతున్నచోటే తల వంచి, నాతో కలిసి అడగండి: తండ్రీ, పక్కవాళ్ళ గుట్టు మాకు చూపించమని అడగం. వాళ్ళను నోరు తెరిచి ఒక్క మాట అడిగే ధైర్యం మాకివ్వు, వాళ్ళు చెప్పింది వినే చెవులివ్వు. మావల్ల నలుగురిలో తల వంచుకున్నవాళ్ళను ఈరోజు మాకు గుర్తు చెయ్యి, చీకటి పడకముందే మమ్మల్ని వాళ్ళ గుమ్మం దాకా నడిపించు. ఆమేన్ అనేముందు ఒక్క క్షణం ఆగండి. ఆ మనిషి ఎవరో మీకు గుర్తొచ్చాక, అప్పుడు అందరం కలిసి అందాం.